‘నిశ్శబ్ద వసంతం’లోని ఆపిల్ తోట

రేచల్ కార్సన్ రచించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ 1962 సెప్టెంబరులో అమెరికాలో వెలువడింది. తెలుగులో దానిని ‘నిశ్శబ్ద వసంతం’ అని చెప్పుకోవడం కద్దు. పురుగుమందులను గురించి వచ్చిన పుస్తకాలలో ఇంతటి పేరు పొందినది మరొకటి లేదు. పాఠశాలలలో పరిసరాలను గురించి పాఠం చెప్పేటప్పుడు దీని ప్రస్తావన తప్పక వస్తుంది. డి.డి.టి., పలుచబడిన గ్రుడ్డు పెంకులు, కూయని పక్షులు—ఈ మూడు మాటలతో సాధారణంగా ఆ పాఠం ముగుస్తుంది. నిజానికి గ్రుడ్డు పెంకుల సంగతి ఆ పుస్తకంలో లేనే లేదు. పెంకులు పలుచబడినవని రాట్‌క్లిఫ్ బ్రిటనులో 1967లో ప్రకటించాడు. అప్పటికి కార్సన్ మరణించి మూడేళ్ళయింది. పుస్తకాన్ని చదవకుండా దాని కీర్తిని మాత్రమే చదివితే ఇట్టి పొరపాట్లు జరుగుతాయి.

ఆమె పురుగుమందులన్నిటినీ నిషేధించమన్నదని చెప్పడం కూడా అట్టి పొరపాటే. రసాయనాలను ఎన్నడూ వాడరాదని తన వాదం కాదని ఆమె స్పష్టంగానే వ్రాశారు. మరి వాటికి బదులు ఏమి చేయాలన్నారు? పదునేడు అధ్యాయాల ఈ గ్రంథంలో ఆ ప్రశ్నకు సమాధానం ముఖ్యంగా రెండు చోట్ల ఉన్నది: 15వ అధ్యాయంలో, చివరిదైన 17వ అధ్యాయంలో. ఈ రెండు సమాధానాలు పైకి ఒకే మాదిరిగా కనిపిస్తాయి. ఒక పురుగును చేతపట్టుకొని వాటిని పరీక్షిస్తే అవి ఒకటి కావని తెలుస్తుంది.

ఆ పురుగు ఆపిల్ కాయతొలుచు పురుగు. ఇంగ్లీషులో కాడ్లింగ్ మాత్ అంటారు. ఇది ఒక చిన్న రెక్కల పురుగు. బూడిదరంగు రెక్కలు, వాటి కొసలలో రాగివన్నె మచ్చ. చెట్టు బెరడు మీద వాలితే పట్టి చూచినా కనబడదు. తల్లి పురుగు ఆకుల మీద, కాయల మీద ఒక్కొక్కటిగా గ్రుడ్లు పెడుతుంది. పొదిగి బయటపడిన పిల్ల కొన్ని గంటలు మాత్రమే ఆరుబయట తిరిగి, ఒక కాయను ఎన్నుకొని లోపలికి తొలుచుకొనిపోతుంది. దాని గురి కండ మీద కాదు, నడుమనున్న గింజల మీద. ఎదిగిన తరువాత బయటికి వచ్చి బెరడు పగుళ్ళలో గూడు అల్లుకొని చలికాలం గడుపుతుంది. అనగా, దాని జీవితంలో మందుకుగాని శత్రువుకుగాని సులభంగా చిక్కే వేళ బహు కొద్ది. ఆపిల్ పండే దేశాలలో చాలా భాగం దీని పాలబడినవే. మనదేశంలో ఇది లడఖ్ తోటలను బాధించే పురుగు. అక్కడి నుండి ఇతర ప్రాంతాలకు పాకకుండా తాజా పండ్ల రవాణామీద ఆంక్షలు పెట్టవలసివచ్చింది.

కార్సన్ గ్రంథం 15వ అధ్యాయంలో ఈ పురుగు నోవా స్కోషియా తోటల సందర్భంగా కనిపిస్తుంది. కెనడా తూర్పుతీరాన ఉన్న ఆ రాష్ట్రంలో, 1940ల చివర, ఏ తోటలకు క్రమం తప్పకుండా మందు కొట్టారో ఆ తోటలలోనే ఈ పురుగు ఉధృతి అత్యధికంగా ఉన్నదని ఆమె చెప్తారు. మందు కొట్టని తోటలలో చెప్పుకోదగిన బాధ లేదు. దానికి ముందే మరొక ఉదాహరణ ఇస్తారు. అమెరికా తూర్పు ప్రాంతాలలో ఎర్రపట్టె ఆకుచుట్టు పురుగు అనే ఇంకొక రెక్కల పురుగు ఒకప్పుడు ఎవరూ లెక్కచేయనిది, డి.డి.టి. వాడకం పెరిగిన కొద్దీ అది కొన్ని తోటలలో సగం పంటను తినివేసేటంతటిదైంది. దాని పరాన్నజీవులు మందుకు చచ్చాయి, అది చావలేదు.

ఈ భాగం పుస్తకంలో ఉత్తమమైనదని చెప్పవచ్చును. ఆమె వాక్యం సూటిగా నడుస్తుంది. అంకెలు తక్కువగానే ఉన్నా ఉన్నవి పని చేస్తాయి. అన్నిటికన్న మించి, ఇక్కడ ఒక మనిషి కనిపిస్తాడు. అతడు అన్నాపొలిస్ లోయలో పనిచేసిన కీటకశాస్త్రవేత్త ఎ. డి. పికెట్. అతడూ అతని సహచరులూ మందును పూర్తిగా మానిపించలేదు. ఏ మందు ఏ మిత్రపురుగును చంపుతుందో ఓపికగా చూచారు. చంపని మందులను, అవసరమైన వేళకు, అవసరమైనంత మాత్రమే కొట్టించారు. కాయతొలుచు పురుగు కోసం రయానియా అనే ఉష్ణదేశపు మొక్క కాండపు పొడిని ఎన్నుకొన్నారు. ఈ పద్ధతిని అనుసరించిన రైతులకు మేలురకపు పండ్లు తగ్గలేదనీ, మందుల ఖర్చు ఇతర ఆపిల్ ప్రాంతాలలోని ఖర్చులో 10 నుండి 20 శాతం మాత్రమే అయినదనీ కార్సన్ వ్రాశారు. (రయానియా వాడుక తరువాత పోయింది. అయితే అందులోని విషం కీటకాల కండరాలలో అతుక్కొనే స్థానానికి ఆ మొక్క పేరే నిలిచింది. ఈనాడు తెలుగు రైతులు కాయతొలుచు పురుగులకు కొట్టే క్లోరాంట్రానిలిప్రోల్ పనిచేసేది ఆ స్థానం మీదనే.)

పికెట్ కథకు మొదలు ఇంకొంచెం వెనుక ఉన్నది. అది ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగినది. ఆ లోయలో ఆపిల్ చెట్లకు ఆల్చిప్ప పొలుసు పురుగు పట్టి విజృంభించింది. కారణం వెదకగా, అది పురుగుమందు కాదు. మచ్చతెగులుకు చల్లే గంధకపు మందు! గంధకం పొలుసు పురుగును ఏమీ చేయలేదు. దానిమీద బ్రతికే ఒక చిన్న కందిరీగజాతి బదనికనూ, దానిని తినే ఒక నల్లినీ మాత్రం మట్టుపెట్టింది. తెగులుమందు మార్చగానే పొలుసు పురుగు అణగింది. క్రొత్త శత్రువును ఎక్కడినుండీ తేలేదు, పెంచి వదలలేదు. ఉన్నవాటిని చంపడం మానారు. కాయతొలుచు పురుగు విషయంలోనూ అంతే. బెరడు క్రింద నిద్రిస్తున్న పురుగులను చలికాలమంతా పొడుచుకొని తినే వడ్రంగి పిట్టలు ఆ లోయలో ఎప్పటినుండో ఉన్నాయి.

ఇక్కడివరకు కార్సన్‌ను మెచ్చుకొనవలసిందే. అయితే ఈ కథను చదివినవాడు, ఇదే పద్ధతి ఎక్కడైనా ఇట్లే ఫలిస్తుందని అనుకొనే ప్రమాదమున్నది. నోవా స్కోషియా చలిప్రదేశం. అక్కడ ఈ పురుగుకు సాధారణంగా ఏటికి ఒక్క తరమే. అమెరికా పడమటనున్న వాషింగ్టన్ రాష్ట్రంలో రెండు తరాలు, కొన్నేళ్ళు మూడవదీ వస్తుంది. ఒక్కొక్క తరంలో తల్లిపురుగు పదులకొద్దీ గ్రుడ్లు పెడుతుంది గనుక ఒక తరం అదనంగా వచ్చిందంటే తేడా కూడిక కాదు, గుణకారం. పిట్టలు తిన్నది తినగా మిగిలిన పురుగులు ఒక తరంలో చేసే నష్టం వేరు, అవే మరి రెండు తరాలు పెరిగి చేసే నష్టం వేరు. ఈ లెక్కను కార్సన్ పాఠకుని ముందు పెట్టలేదు. పురుగు జీవితచరిత్ర కూడ ఆ పేజీలలో లేదు. పురుగు పట్టిన ఆపిల్‌కు ఇదే కారణమని మాత్రం చెప్పి సాగిపోయారు. కథ చెప్పడంలో ఆరితేరిన చేయి కావడంవల్ల కథకు అడ్డువచ్చే వాతావరణాన్ని ప్రక్కకు నెట్టింది.

అదే అధ్యాయంలో ఆమె చెప్పిన వెడేలియా అక్షింతల పురుగు విషయంలోనూ ఇట్టి జాగ్రత్త అవసరం. 1888లో ఆస్ట్రేలియా నుండి దీనిని తెచ్చి కాలిఫోర్నియా నారింజ తోటలలో వదలితే దూదివంటి పొలుసు పురుగు కొద్దికాలంలోనే అణగిపోయింది. జీవ నియంత్రణ చరిత్ర ఎవరు వ్రాసినా దీనితో మొదలుపెడతారు. కాని పొలుసు పురుగు కొమ్మకు అతుక్కొని ఏడాది పొడవునా కళ్ళెదుట ఉండే ప్రాణి. కాయలోపల దాగిన గొంగళిపురుగును అక్షింతల పురుగు ఏమి చేయగలదు? ఒకదాని విజయం రెండవదానికి పూచీ కాదు.

17వ అధ్యాయానికి వస్తే స్వరం మారుతుంది. ‘మరో దారి’ అని దాని పేరు. వంధ్యులైన మగ కీటకాలను వదలడం, ఆడపురుగు వాసనతో మగవాటిని మోసగించడం, సూక్ష్మజీవులచేత రోగం తెప్పించడం—ఒకదాని వెంట ఒకటి ఆశలు వరుసగా వస్తాయి. ఇక్కడ పికెట్ ఓపిక కనబడదు. ఒక ఆయుధం బదులు మరొక ఆయుధం. క్రొత్తది మెత్తనిది, తెలివైనది. ఇవన్నీ తరువాతి ఆరు దశాబ్దాలలో రెక్కల పురుగుల మీద ప్రయోగింపబడినవే గనుక వాటి ఫలితాన్ని ఈనాడు నిష్పాక్షికంగా చూడవచ్చును.

మొదట వాసన. అమెరికాలో అడవులను, తోటలను ఆకు లేకుండా తినే జిప్సీ మాత్ అనే పురుగు కోసం ఆముదం నుండి తీసిన పదార్థంతో ‘జిప్‌ల్యూర్’ అనే కృత్రిమ ఆకర్షకాన్ని తయారుచేశారు. కార్సన్ దానిమీద మంచి ఆశే పెట్టుకొన్నారు. తీరా చూస్తే అది పనిచేయలేదు. ఆ పురుగు అసలు వాసన వేరే పదార్థమని 1970లో గాని తేలలేదు. (ఆ పురుగు ఇంగ్లీషు పేరు కూడ ఒక జాతిప్రజలను కించపరుస్తున్నదని 2021లో అమెరికా కీటకశాస్త్ర సంఘం తొలగించి, 2022లో ‘స్పాంజీ మాత్’ అని మార్చింది.) ప్రయోగశాలలో నిన్న పుట్టినదానిని నేడు దారి అని చూపితే ఇట్టి ఇబ్బంది వస్తుంది.

ఆపిల్ పురుగు వాసనను 1971లో రోలోఫ్స్ బృందం కనిపెట్టింది. దానిని చెట్టు కొమ్మలకు కట్టి తోటంతా వ్యాపింపజేస్తే మగపురుగుకు ఆడపురుగు జాడ చిక్కదు, సంపర్కం జరుగదు, గ్రుడ్లు పొదగవు. ఇది నిజంగా ఫలించిన పద్ధతి. కాని ఒక నియమం ఉన్నది. ప్రక్క తోటలో జతకట్టిన ఆడపురుగు ఎగిరివచ్చి ఇక్కడ గ్రుడ్లు పెడితే ఈ వాసన ఏమీ చేయలేదు. కనుక చిన్న తోటలో, ఒంటరి తోటలో, అప్పటికే పురుగు ఎక్కువగా ఉన్న తోటలో ఇది చాలదు. అమెరికా పడమటి రాష్ట్రాలలో 1995 నుండి 1999 వరకు ప్రభుత్వం ఆనుకొని ఉన్న తోటలన్నిటినీ కలిపి ఈ పద్ధతిని నడిపింది. అప్పుడు అది పాతుకొన్నది.

వంధ్య కీటకాల సంగతి మరింత ఆసక్తికరం. కార్సన్ విస్తారంగా చెప్పిన ఉదాహరణ పశువుల పుండ్లలో పెరిగే స్క్రూవర్మ్ ఈగ. 1954లో క్యురసావ్ ద్వీపంలో దానిని ఈ పద్ధతిని నిర్మూలించారు. ఈగకు సరిపోయిన వికిరణం రెక్కల పురుగుకు సరిపోదు. సాధారణ క్రోమోసోమ్ తునిగితే, కణవిభజనలో పట్టు దొరకని ముక్క తప్పిపోతుంది. రెక్కల పురుగు క్రోమోసోమ్‌కు పట్టు ఒకచోట గాక పొడవునా ఉంటుంది. ముక్కలు కూడ నిలుస్తాయి. అందువల్ల వాటికి వికిరణం చాలా హెచ్చుగా ఇవ్వవలసివచ్చింది, ఇచ్చిన కొద్దీ పురుగు నీరసించింది. కెనడాలో ప్రొవర్బ్స్ 1950లలో ఆరంభించిన పరిశోధన బ్రిటిష్ కొలంబియాలోని ఒకనాగన్ లోయలో విడుదలల దాకా రావడానికి 1994 అయింది. దానికై పురుగులను పెంచే కర్మాగారమే కట్టారు. ఖర్చు కోసం తోటల యజమానులమీదనే గాక, పెరట్లో ఒక్క ఆపిల్ చెట్టైనా లేని గృహస్థులమీద కూడ పన్ను వేశారు. పెరటి చెట్టు ఒక్కటి మిగిలినా పురుగు అక్కడ తలదాచుకొంటుంది గదా!

సూక్ష్మజీవుల విషయంలో తరగతిగదికి కావలసిన పాఠం ఒకటి దాగి ఉన్నది. 1963లో మెక్సికోలో జబ్బుపడిన ఆపిల్ పురుగులలో ఒక వైరస్ దొరికింది. ఇది ఈ పురుగునూ దాని దగ్గరి చుట్టాలనూ తప్ప దేనినీ బాధించదు. రేణువులుగా ఉండి పురుగు నోట పడుతుంది. క్షారగుణంగల పేగులో రేణువు కరిగి వైరస్ బయటపడుతుంది. అప్పుడే పొదిగిన పిల్లను చంపడానికి ఒకటి రెండు రేణువులు చాలు. ఎండకు మాత్రం త్వరగా పాడవుతుంది. యూరపులో 1980ల చివరి నుండి రైతులు దీనిని విరివిగా వాడారు. రసాయనానికి నిరోధం వస్తుందిగాని జీవికి రాదని చాలామంది నమ్మిక. 2005లో జర్మనీ తోటలలోని కొన్ని పురుగులకు ఈ వైరస్ అంటడం లేదని బయటపడింది. వాటి నిరోధం మామూలు పురుగులకన్న వెయ్యి రెట్లకు మించి ఉన్నది.

కారణం జన్యుశాస్త్రంలో ఉన్నది. మనుష్యులలో స్త్రీకి రెండు ఎక్స్ క్రోమోసోమ్‌లు, పురుషునికి ఒక ఎక్స్, ఒక వై ఉంటాయని విద్యార్థులు నేర్చుకొంటారు. రెక్కల పురుగులలో ఈ ఏర్పాటు తలక్రిందులు: మగదానికి రెండు జడ్‌లు, ఆడదానికి ఒక జడ్, ఒక డబ్ల్యు. నిరోధాన్ని ఇచ్చే జన్యువు జడ్ మీద ఉన్నదనీ, అది బహిర్గత లక్షణమనీ 2007లో ప్రకటించారు. ఆడపురుగుకు ఉన్న జడ్ ఒక్కటే గనుక ఆ ఒక్కదానిపై జన్యువు ఉంటే చాలు, పూర్తి నిరోధం వచ్చినట్లే. ఇంతటి త్వరగా నిరోధం పాకడానికి ఇది ఒక కారణం. రెండవ కారణం మనుష్యుల సోమరితనం అనాలి: యూరపు అంగళ్ళలో అప్పటివరకు అమ్మిన వైరస్ మందులన్నీ 1963 నాటి ఆ ఒక్క మెక్సికో నమూనా సంతతియే. తరువాత వేరే దేశాల నమూనాలను వెదకి తెచ్చి ఈ పురుగులను లొంగదీశారు. 1928లోనే సీసపు ఆర్సినేట్‌కు, 1950లలో డి.డి.టి.కి ఈ పురుగు ఇట్లే అలవాటుపడింది. రసాయనాలకు అలవాటుపడడాన్ని గురించి 16వ అధ్యాయమంతా వ్రాసిన కార్సన్, ఆ ప్రశ్ననే మరుసటి అధ్యాయపు సూక్ష్మజీవులకు గట్టిగా వేయలేదు.

ఇవి ఆమెకు తెలియడానికి వీలులేని సంగతులు. వాటిని నేరంగా ఎంచడం న్యాయం కాదు. కాని ఒక విషయం అట్టిది కాదు. జిప్సీ మాత్‌పై విమానాలతో మందు చల్లడాన్ని 10వ అధ్యాయంలో ఖండిస్తూ, అంతకుముందే విదేశాలనుండి 13 రకాల పరాన్నజీవులను, భక్షక కీటకాలను తెచ్చి న్యూ ఇంగ్లండులో స్థిరపరచారనీ, వాటివల్ల బాధ తగ్గిందనీ ఆమె మెచ్చుకొన్నారు. అట్లు తెచ్చి వదలినవాటిలో ఒకటి 1906లో యూరపునుండి వచ్చిన కాంప్సిల్యూరా అనే ఈగ. ఇది గొంగళిపురుగు శరీరంలో తన పిల్లలను ప్రవేశపెడుతుంది. ఏ గొంగళిపురుగు అనే పట్టింపు దానికి లేదు. 180కి పైగా జాతులలో పెరుగుతుంది. జిప్సీ మాత్‌కు ఏటికి ఒక తరమే కావడంతో మిగిలిన నెలలు ఈ ఈగకు ఇతర జాతులే ఆధారం. మాసచుసెట్స్‌లో సెక్రోపియా అనే పెద్ద పట్టుపురుగు పిల్లలను చెట్లమీద ఉంచి పరీక్షించి 2000లో ప్రకటించిన ఫలితం ప్రకారం, వాటి మొదటి మూడు దశలలో జరిగిన మరణాలలో 81 శాతానికి ఈ ఈగే కారణం.

సెక్రోపియా మన దసలిపట్టు పురుగు కుటుంబానికి చెందినది. ఇక పట్టుపురుగులను పెంచే తెలుగు రైతులకు ఊజీ ఈగ చేసే నష్టం తెలియనిది కాదు. అదీ కాంప్సిల్యూరా కుటుంబపుదే. ఒకచోట మిత్రమని తెచ్చుకొనే ఈగ ఇంకొకచోట ఇంటిదొంగ. కాంప్సిల్యూరా అనేక జాతులలో పెరుగుతుందన్న మాట అమెరికా వ్యవసాయశాఖ ప్రచురణలలో 1920ల నాటికే అచ్చయి ఉన్నది. కార్సన్ వంటి శ్రద్ధగల పరిశోధకురాలికి అది దొరకకపోదు. విమానపు మందు అడ్డూ ఆపూ లేకుండా చంపుతుందని ఆమె చేసిన అభియోగం ఈ ఈగకూ వర్తిస్తుంది. మందు అయితే కొన్నేళ్ళకు విరిగిపోతుంది. ఈగ తనంతట తాను పెరుగుతుంది, తిరిగి తీసుకొనే వీలు లేదు. పుస్తకంలో నిజమైన లోపం ఇది.

కాబట్టి ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఈ గ్రంథంలో ఒక్క భాగమే చదివించదలిస్తే, చివరి అధ్యాయాన్ని వదలి పదిహేనవదానిని ఎన్నుకోవడం మంచిది. చివరిది ఆశల పట్టిక. పదిహేనవది ఒక తోటను చూచిన తీరు.

ఆ చూపుతో తెలుగు దేశపు తోటకు వస్తే ఏమి కనిపిస్తుంది? నల్లగొండ, అనంతపురం, కడప ప్రాంతాల బత్తాయి తోటలకు రసంపీల్చే రెక్కల పురుగులు పెద్ద బాధ. వానలు పడే నెలలలో కాయ పండుబారుతుండగా రాత్రివేళ వచ్చి, గట్టి తొండంతో తోలు పొడిచి రసం త్రాగుతాయి. పొడిచినచోట కుళ్ళు పట్టి కాయ రాలుతుంది. ఆపిల్ పురుగుతో పోలిస్తే అంతా విపర్యయం. అక్కడ పిల్ల నష్టం చేస్తుంది, ఇక్కడ తల్లి. అక్కడ పురుగు తోటలో పుట్టి తోటలో నిద్రిస్తుంది. ఇక్కడ దాని పిల్లలు బత్తాయి చెట్టు ముఖమే చూడవు. తిప్పతీగ, దూసరితీగ వంటి తీగల ఆకు తిని కంచెలమీద, గుట్టలమీద, పొదలలో పెరుగుతాయి. వైరస్ చల్లుదామంటే చల్లవలసిన గొంగళిపురుగు తోటలో లేదు. వచ్చే ఆడపురుగు దూరాన జతకట్టి వస్తుంది గనుక తోటలో వాసన నింపినా ఆగదు. మందు కొడితే, పండుమీద తొండం మాత్రమే మోపి పోయే పురుగుకు అది సరిగా తగలదు. తినేవారికి మాత్రం తగులుతుంది. అందుకే కాయలకు సంచులు తొడగడం, రాత్రి దీపం పట్టుకొని వెళ్ళి పురుగులను ఏరి చంపడం ఇప్పటికీ చేస్తున్నారు.

తీగలను పీకివేయమని మరొక సలహా ఉన్నది. తోట చుట్టూ ఉన్నవాటిని పీకవచ్చునుగాని, ఈ పురుగు ఎంతో దూరం ఎగరగలదు. పైగా తిప్పతీగను మందుకోసం వెదకి తెచ్చుకొనేవారు పల్లెలలో ఉన్నారు. మరొక చిక్కు కూడ కలదు. ఆ తీగల ఆకులమీద పెట్టిన గ్రుడ్లలోనే ట్రైకోగ్రామా, టెలినోమస్ వంటి బదనికలు పెరుగుతాయి. తీగ పోతే పురుగుతోబాటు వాటికీ నిలువ నీడ ఉండదు. పురుగు మాత్రం మరొక గుట్టనుండి ఎగిరివస్తుంది.